ఇంటి స్టూడియోకి సౌండ్‌ప్రూఫింగ్: ఫోమ్, రాక్‌వూల్, ఎంఎల్‌వీ, తలుపు రబ్బరు... దేనికి డబ్బు పెట్టాలి, దేనికి వద్దు

పడకగదిని స్టూడియోగా మార్చుకునేవాళ్లు అందరికంటే ముందు కొనేది ఫోమ్ పలకలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ముక్కలు పన్నెండో ఇరవై నాలుగో ఒక ప్యాక్ చేసి, పైన ‘సౌండ్‌ప్రూఫ్’ అని రాసి అమ్ముతారు. గోడ నిండా అతికించాక గది చూడ్డానికి అచ్చం స్టూడియోలాగే ఉంటుంది. రికార్డింగ్ మొదలుపెడితే మాత్రం వంటింట్లో కుక్కర్ విజిల్ నిన్న మైకులో ఎంత పడిందో ఇవాళా అంతే పడుతుంది. పక్క ఫ్లాటు వాళ్లకి మీ పాట నిన్న ఎంత వినపడిందో ఇవాళా అంతే వినపడుతుంది.

శబ్దాన్ని ఆపడం ఒక పని, పీల్చడం ఇంకో పని. గది దాటకుండా ఆపాలంటే బరువు ఉండాలి, సందులు మూసుకుపోవాలి. గదిలో పుట్టిన శబ్దం గోడకి కొట్టుకుని తిరిగి మైకులోకి రాకుండా ఉండాలంటే గాలి చొరబడే మెత్తటి పదార్థం మందంగా ఉండాలి. మొదటి పనికి వచ్చే సామాను రెండో పనికి రాదు, రెండో దానిది మొదటి పనికి రాదు. దుకాణాల్లో రెండింటికీ ఒకే పేరు పెట్టి అమ్మడం వల్లే చాలామంది డబ్బు గోడకి అతుక్కుని ఉండిపోతోంది.

ఇక్కడి లెక్కలన్నిటికీ 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న గదిని కొలతగా పెట్టుకున్నాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో సర్వసాధారణంగా ఉండే గదే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఫ్లష్ డోర్, స్లైడింగ్ కిటికీ, స్ప్లిట్ ఏసీ. పాట, డబ్బింగ్, వీణ, వయొలిన్, కీబోర్డు, ఒక జత చిన్న మానిటర్ స్పీకర్ల దాకా వాడకం.

ఫోమ్ పలకలు

పీల్చే పని ఫోమ్ కొంతవరకు చేస్తుంది. ఒక అంగుళం పలక సుమారు 1000 హెర్ట్జ్ (సెకనుకి కంపనాల లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందిది) పైన, రెండు అంగుళాలది సుమారు 500 హెర్ట్జ్ పైన బాగా పనిచేస్తుంది. మగ గొంతులో గుమ్ముమని మోగేది 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య. అక్కడ ఇవి దాదాపు ఏమీ చేయవు. కాబట్టి గోడలన్నీ అంగుళం ఫోమ్‌తో కప్పేస్తే స, శ అక్షరాల్లోని మెరుపు చచ్చిపోతుంది, కింది గుమ్ము అలాగే మిగులుతుంది. రికార్డింగ్ వింటే దుప్పటి కప్పుకుని డబ్బాలో కూర్చుని పాడినట్టుంటుంది. ఆ మెరుపు కోసం మిక్సింగ్‌లో ఈక్యూ (పై, కింది స్వరాల పాళ్లు మార్చే సాధనం) పెంచితే గొంతు గీరుకుపోతుంది.

కొనక తప్పదనుకుంటే రెండు అంగుళాలకి తగ్గకండి. సాంద్రత ఘనపు మీటరుకి 32 కిలోలు ఉందేమో అడగండి. చవక ప్యాకుల్లో వచ్చేది అందులో సగం కూడా ఉండదు. చేత్తో నొక్కి వదిలితే వెంటనే తిరిగి లేవాలి. వ్యాక్యూమ్ ప్యాకులో చదునుగా వచ్చిన పలకలు పూర్తిగా ఉబ్బడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఉబ్బకముందే అతికిస్తే వరసలు వంకర పోతాయి. కోస్తా ఊళ్ల తేమకి చవక పాలీయురెథేన్ ఫోమ్ పచ్చబడి, కొన్నేళ్లకి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి మైకులకి, కన్సోల్ ఫేడర్లకి మంచిది కాదు.

ఫోమ్ మీద అసలు అభ్యంతరం వేరే ఉంది, నిప్పు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్‌లో వేదిక గోడలకి అతికించిన ఫోమ్ అంటుకుని 100 మంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లోని శాంటా మరియాలో కిస్ నైట్‌క్లబ్‌లో పైకప్పు ఫోమ్ అంటుకుని 242 మంది పోయారు. పాలీయురెథేన్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఉంటాయి. ఒకే తలుపున్న, కిటికీ మూసేసిన పది అడుగుల గదిలో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. ‘ఫైర్ రిటార్డెంట్’ అన్న మాట ప్యాకు మీద ఉంటే సరిపోదు, పరీక్ష పత్రం అడగండి. ఇవ్వకపోతే అంగుళం ముక్క కోసి, ఆరుబయట నేల మీద, పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. మంట తీయగానే ఆరిపోవాలి. మండుతూ చుక్కలు కారితే ఆ ప్యాకు వెనక్కి పంపేయండి. ఏ ఫోమ్ అయినా సరే, దాని వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సు గానీ, వదులు వైర్లు గానీ ఉండకూడదు.

కోడిగుడ్ల ట్రేలు, తెరలు, పీఈటీ పలకలు

కోడిగుడ్ల ట్రేలు వద్దు. పల్చటి కాగితం గుజ్జు శబ్దాన్ని ఆపలేదు, సరిగా పీల్చలేదు. బొద్దింకలకి ఇల్లవుతుంది, నిప్పు రవ్వ పడితే క్షణాల్లో అంటుకుంటుంది. మందపాటి తెరలు కిటికీ మీద ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి, వీధిలో కూరగాయల బండి మైకుని ఆపవు.

ఈమధ్య ఇంటీరియర్ దుకాణాల్లో రంగురంగుల పీఈటీ (ప్లాస్టిక్ నార) ఫెల్ట్ పలకలు, 9 మి.మీ. లేదా 12 మి.మీ. మందంవి, బాగా అమ్ముతున్నారు. అందంగా ఉంటాయి, చేతికి గుచ్చుకోవు, కోయడం తేలిక. అయితే కరపత్రంలో ఎన్‌ఆర్‌సీ (శబ్దాన్ని ఎంత పీలుస్తుందో చెప్పే అంకె) 0.7, 0.8 అని చూసి మోసపోవద్దు. పరీక్ష నివేదికలో పలకని ఎలా బిగించారో చూడండి. ‘ఏ మౌంటింగ్’ అంటే నేరుగా గోడకి ఆనించి కొలిచారని. ‘ఈ-400’ అంటే వెనక 400 మి.మీ. గాలి వదిలి కొలిచారని. మీ గోడకి అతికించినప్పుడు ఆ 400 మి.మీ. ఉండదు కాబట్టి ఆ అంకె కూడా ఉండదు. ఎన్‌ఆర్‌సీ అన్నది 250, 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గరి కొలతల సగటు మాత్రమే. 250 కింద ఏం జరుగుతుందో ఆ అంకె చెప్పనే చెప్పదు.

ఎంఎల్‌వీ షీటు

మాస్ లోడెడ్ వినైల్ అనే బరువైన రబ్బరు లాంటి చుట్ట ఇది. సుమారు 3 మి.మీ. మందంది చదరపు మీటరుకి 5 కిలోలు తూగుతుంది. సరుకు మంచిదే, వాడే చోటే తప్పు. ‘గోడకి ఎంఎల్‌వీ వేస్తే పక్కింటికి వినపడదు’ అని చెప్పి ఇటుక గోడకే అతికిస్తారు. లెక్క చూడండి. రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉన్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకి దాదాపు 260 కిలోలు. బరువు రెట్టింపైతే గోడ దాటే శబ్దం 6 డెసిబెల్ (శబ్ద తీవ్రత కొలత) దాకా తగ్గుతుందన్నది ప్రాథమిక సూత్రం. 260కి 5 కలిపితే వచ్చే తేడా డెసిబెల్‌లో అయిదో వంతు కూడా ఉండదు. చెవికి తెలియని తేడాకి వేలు పోస్తున్నట్టు.

అదే షీటుని 20 కిలోల లోపు బరువున్న తలుపు రెక్క మీద, లేదా శబ్దం చేసే బాత్రూమ్ డ్రెయిన్ పైపు చుట్టూ వేస్తే డబ్బుకి న్యాయం జరుగుతుంది. గదికి కావలసింది రెండు చదరపు మీటర్ల ముక్క. చుట్ట మొత్తం అంటగట్టే దుకాణం అయితే వదిలేసి, అదే డబ్బుకి ప్లైవుడ్ కొనండి.

తలుపు: మొదటి రూపాయి ఇక్కడ

మామూలు పడకగది తలుపు కింద అర అంగుళం సందు ఉంటుంది. 900 మి.మీ. వెడల్పున 12 మి.మీ. సందు అంటే తలుపు మొత్తం వైశాల్యంలో అర శాతం కంటే కొంచెం ఎక్కువ. చూడ్డానికి ఎంతో లేదు. కానీ ఆ అర శాతం తెరిచి ఉన్నంతకాలం మిగతా తలుపుని ఇనుముతో చేయించినా మొత్తం మీద 22 డెసిబెల్‌కి మించి ఆగదు. నీళ్ల తొట్టికి చిల్లు ఉన్నట్టే, గోడ ఎంత మందంగా కట్టినా లాభం లేదు.

తలుపుకి నాలుగు వైపులా రబ్బరు ఒత్తుకోవాలి. మూడు వైపులు తేలిక. ద్వారబంధంలో తలుపు ఆనే మెట్టు మీద ఈపీడీఎమ్ రబ్బరు, డీ ఆకారంది, 9 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. ఎత్తుది అతికించాలి. పైన మూడు అడుగులు, పక్కలకి ఏడేసి అడుగులు, మొత్తం 17 అడుగులు, అంటే 5.2 మీటర్లు. ఆరు మీటర్లు తీసుకోండి. తెల్ల స్పాంజి టేపు చవకే గానీ, నాలుగు నెలలకి అణిగిపోయి తిరిగి లేవదు. ఈపీడీఎమ్ ఏళ్ల తరబడి ఉంటుంది. అతికించే ముందు పాలిష్ జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడవాలి. జిడ్డు మీద వేసిన టేపు ఎండాకాలంలో ఊడి వేలాడుతుంది.

రబ్బరు వేశాక తలుపు గొళ్లెం పడదు. అదే మంచి గుర్తు, రబ్బరు ఒత్తుకుంటోందని అర్థం. అప్పుడు చాలామంది రబ్బరు పీకేసి పల్చటిది వేస్తారు. అలా చేయకుండా, గొళ్లెం పడే ఇనుప పట్టీని ఒకటి రెండు మి.మీ. బయటికి జరిపించండి. రబ్బరు ఎత్తు సగానికి అణగాలి. సరిచూడ్డానికి కాగితం చాలు: తలుపు మూసేటప్పుడు మధ్యలో ఓ కాగితం పెట్టి, మూశాక లాగండి. జారి వచ్చేస్తే అక్కడ ఒత్తిడి లేదు. పట్టుకుని చిరిగిపోతే బాగుంది. అడుగుకి ఒకసారి చొప్పున చుట్టూ ఇలా చూడాలి. కొత్త చెక్క తలుపులు వానాకాలంలో ఉబ్బుతాయి కాబట్టి, ఎండాకాలంలో బిగించినవాళ్లు ఆగస్టులో ఓసారి మళ్లీ చూసుకోవాలి.

ఇక నాలుగో వైపు, కింద. బజారులో దొరికే రెండు గొట్టాల గుడ్డ సీలు దుమ్ముకి పనికొస్తుంది, శబ్దానికి కాదు. బ్రష్ సీలు అంతకంటే తక్కువ. తలుపు మూయగానే కిందికి దిగే ఆటోమేటిక్ డ్రాప్ సీలు బాగా పనిచేస్తుంది గానీ ఖరీదు ఎక్కువ, నేల చదునుగా లేకపోతే ఒక మూల తేలిపోతుంది. వీటన్నిటికంటే మా ఓటు మన పాత గడపకి. కొత్త ఫ్లాట్లలో లోపలి గదులకి గడపలు తీసేశారు, శబ్దం అక్కడి నుంచే పోతోంది. బాత్రూమ్‌కి వేసే లాంటి 20 మి.మీ. గ్రానైట్ పట్టీని మూసిన తలుపు కింది అంచు వచ్చి ఆనేలా నేల మీద అతికించి, తలుపు తగిలే నిలువు ముఖానికి అదే డీ రబ్బరు వేయండి. నాలుగు వైపులా ఒకే వరసలో సీలు వస్తుంది. గ్రానైట్ కింద సిలికాన్ నిండుగా వేయించండి, బొట్లు బొట్లుగా పెడితే కింద సందు మిగులుతుంది. కాలికి తగలకుండా అంచుకి ముదురు రంగు గీత గీయండి.

సందులు మూశాకే బరువు సంగతి. ఉన్న ఫ్లష్ డోర్‌కి లోపలి వైపు 18 మి.మీ. ప్లైవుడ్ కలిపి స్క్రూ చేస్తే సుమారు 22 కిలోలు పెరుగుతుంది. మధ్యలో ఎంఎల్‌వీ ముక్క పెడితే ఇంకో 9 కిలోలు. అంత బరువుకి పాత మూడు హింజెస్ చాలవు. అయిదు అంగుళాల స్టీలువి నాలుగు వేయాలి, స్క్రూలు ద్వారబంధంలోకి రెండు అంగుళాలు దిగాలి. లేకపోతే రెండు నెలలకి తలుపు జారి, కష్టపడి వేసిన రబ్బరు ఒక మూల వదిలేస్తుంది.

ఇంకో రహస్య సందు ద్వారబంధానికీ ఇటుకకీ మధ్య ఉంటుంది. వేలితో చుట్టూ తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ వెనక ఖాళీ ఉంది. పీయూ స్ప్రే ఫోమ్ కొట్టి వదిలేయొద్దు, అది గాలిని ఆపుతుంది గానీ బరువు లేదు. ఇసుక, సిమెంటు ముద్ద కూరి, ఆరాక పైన సీలెంట్ గీయాలి. ఏసీ పైపు గోడ దాటే రంధ్రం, స్విచ్ బోర్డుల వెనక పైపులు, అటక వెనక మూలలు కూడా ఇలాగే వెతకండి. రాత్రి గదిలో లైటు ఆర్పి, బయట హాల్లో లైటు వేస్తే వెలుగు వచ్చే ప్రతి చోటా శబ్దం కూడా వస్తోంది.

కిటికీ

స్లైడింగ్ కిటికీ పుట్టుకతోనే కారుతుంది. రెక్కల మధ్య ఉన్నది నూలు బ్రష్ మాత్రమే. రబ్బరు పెట్టడానికి అందులో చోటుండదు, పెడితే రెక్క జరగదు. బడ్జెట్‌లో మంచి దారి కిటికీ మూత. లోపలి గోడ మందంలో సరిపోయేలా 18 మి.మీ. ప్లైవుడ్ పలక, చుట్టూ డీ రబ్బరు, నాలుగు టవర్ బోల్టులు. కిటికీ అద్దానికీ పలకకీ మధ్య కనీసం 100 మి.మీ. గాలి వదలండి, ఆ దూరం పెరిగేకొద్దీ కింది స్వరాలు బాగా ఆగుతాయి. ఆ ఖాళీలో అంచుల చుట్టూ రెండు అంగుళాల రాక్‌వూల్ (రాతి నార) పట్టీ పెడితే ఇంకా మేలు. 4 అడుగుల చదరపు కిటికీకి పలక ఒక్కటే 17 కిలోలు తూగుతుంది కాబట్టి రెండు ముక్కలుగా చేయించి, ఒక్కోదానికి పిడి పెట్టించండి. గ్రిల్ లోపలి వైపు ఉన్న ఇళ్లలో మూత గోడ ముఖానికి ఆనేలా పెద్దదిగా చేయాలి, వడ్రంగికి ఇది ముందే చెప్పండి. స్క్రూలతో శాశ్వతంగా బిగించవద్దు. నిప్పు పుడితే అదొక్కటే రెండో దారి, గాలి దారి.

వెలుతురు కావాలంటే 6.38 మి.మీ. లామినేటెడ్ అద్దంతో తెరుచుకునే రకం యూపీవీసీ కిటికీ. రెండు 3 మి.మీ. అద్దాల మధ్య 0.38 మి.మీ. ప్లాస్టిక్ పొర ఉండే రకం ఇది, అద్దం వరకు 32 డెసిబెల్ దాకా ఆపుతుంది. ‘డబుల్ గ్లాస్’ అని 5 మి.మీ. అద్దాలు రెండు 12 మి.మీ. దూరంలో పెట్టి ఇచ్చేది ఎండవేడికి మంచిది. ట్రాఫిక్ గుమ్ముకి అది ఖరీదుకి తగ్గ తేడా చూపించదు.

రాక్‌వూల్

ఈ మొత్తం సామానులో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చేది రాక్‌వూల్ పలక. రాతిని కరిగించి తీసిన నార ఇది. 1000 డిగ్రీల దాకా కరగదు, కాలదు. హైదరాబాద్‌లో పారిశ్రామిక సామాను దొరికే రాణిగంజ్ లాంటి చోట్ల, ఇతర ఊళ్లలో బాయిలర్, ఏసీ డక్ట్ ఇన్సులేషన్ అమ్మేవాళ్ల దగ్గర అడగండి. ‘స్టూడియో మెటీరియల్’ అని అడిగితే వేరే ధర చెబుతారు. ‘50 మి.మీ. రాక్‌వూల్ స్లాబ్, 48 డెన్సిటీ’ అని అడగాలి. ఆ అంకె ఘనపు మీటరుకి ఎన్ని కిలోలో చెబుతుంది. 48 లేకపోతే 64 పర్లేదు. 96, 144 ఇంకా మంచివని చెబుతారు, వినొద్దు. అవి వేడి ఆపడానికి. గట్టి పలకలోకి శబ్దం పూర్తిగా చొరబడక కొంత పైనుంచే తిరిగి వచ్చేస్తుంది, బరువు, ఖరీదు అదనం. మూలల్లో 200 మి.మీ. మందం పెట్టేచోట ఇంకా మెత్తటిదే మేలు. అల్యూమినియం రేకు అతికించినది తీసుకుంటే రేకు ముఖం గోడ వైపు ఉండాలి.

కొలతలు 1200×600 మి.మీ., 1000×600, 1000×500 అని రకరకాలుగా వస్తాయి. సరుకు ఇంటికి వచ్చి టేపుతో కొలిచాకే ఫ్రేము కోయించండి. ముందు ఫ్రేము చేయించి తర్వాత పలకలు కోసుకుంటే అంచుల్లో ఖాళీలు మిగులుతాయి, సగం నార చెత్తకుప్పలోకి పోతుంది. 1200×600 పలకకి లెక్క ఇది: 12 మి.మీ. ప్లైవుడ్ 8×4 అడుగుల షీటుని 4 అంగుళాల పట్టీలుగా కోస్తే రంపం మందం పోను 11 వస్తాయి. ఒక పట్టీని మధ్యకి కోస్తే ఒక ఫ్రేముకి రెండు నిలువు ముక్కలు. ఇంకో పట్టీలో 595 మి.మీ. ముక్కలు నాలుగు, అంటే రెండు ఫ్రేములకి అడ్డ ముక్కలు. ఒక్క షీటుకి ఏడు ఫ్రేములు. లోపలి కొలత పలక కంటే నాలుగైదు మి.మీ. తక్కువ ఉంటుంది కాబట్టి రెండు పలకలు ఒకదాని మీద ఒకటి బిగుతుగా కూర్చుంటాయి, జిగురు అక్కర్లేదు. వెనక వైపు నైలాన్ తాడు ఇంటూ ఆకారంలో కట్టండి. 48 డెన్సిటీ అయితే ఒక ప్యానెల్‌లో నార మూడున్నర కిలోలే, రెండు హుక్కులు చాలు.

ముందు వైపు మొదట పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ, నార రాలకుండా. దాని మీద మీకు నచ్చిన గుడ్డ. గుడ్డ ఎంచుకోవడానికి పరీక్ష: నోటికి ఆనించుకుని ఊదండి. గాలి సులువుగా దాటితే శబ్దమూ దాటుతుంది. కాటన్, జనపనార, స్పీకర్ గుడ్డ మంచివి. రెక్సిన్, వెల్వెట్ వెనక రబ్బరు పూత ఉన్నవి పనికిరావు. నారతో పని చేసేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లవుజులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. కోత బాల్కనీలో చేయండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

గోడకి రెండు అంగుళాల దూరంలో బిగిస్తే అదే ప్యానెల్ ఇంకా కిందిదాకా పీలుస్తుంది. మూలలకి చెక్క దిమ్మలు పెడితే ఆ దూరం వస్తుంది, పైసా ఖర్చు లేదు. 10×12 గదికి ఎనిమిది నుంచి పది ప్యానెళ్లు కావాలి. స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు పక్క గోడ మీద ఒకరు అద్దం జరుపుతూ పోతే, మీకు అద్దంలో స్పీకర్ కనిపించిన చోట ఒక ప్యానెల్. రెండు పక్కలా అంతే. తల పైన స్లాబుకి ఒకటి రెండు, యాంకర్ ఫాస్టెనర్లకి తీగలతో నాలుగు చోట్ల వేలాడదీసి. పైన ఎప్పుడూ జిగురుని నమ్మొద్దు. మిగతావి గది మూలల్లో నిలువుగా, అక్కడ మూడు నాలుగు పలకల మందం.

మూలలకి అంత ఇవ్వడానికి కారణం ఉంది. 12 అడుగుల పొడవు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పు 56 దగ్గర, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు 59 దగ్గర మోగుతాయి. వెడల్పు, ఎత్తు దాదాపు సమానం కావడంతో 56, 59 కలిసి ఒకేచోట ఉబ్బుతాయి. బేస్ గిటార్‌లో ఒక స్వరం పేలినట్టు, పక్కది మాయమైనట్టు వినపడేది ఇందుకే. 100 హెర్ట్జ్ అల పావు పొడవే 86 సెంటీమీటర్లు, దాన్ని నాలుగు అంగుళాల నార పూర్తిగా పట్టలేదు. తగ్గిస్తుంది, పోగొట్టదు. కూర్చునే చోటు ముందు గోడకి నాలుగున్నర అడుగుల దగ్గర పెట్టుకోవడం ప్యానెల్ అంత మేలు చేస్తుంది, ఖర్చు సున్నా.

గ్లాస్‌వూల్ 32 లేదా 48 డెన్సిటీ కూడా ఇదే పని చేస్తుంది. చేతికి ఎక్కువ గుచ్చుకుంటుంది, చుట్ట రూపంలో వస్తే నిలబడక జారుతుంది. దొరికింది అదే అయితే వెనుకాడక్కర్లేదు.

రెండో గోడ

పక్క ఫ్లాటుతో కలిసిన గోడ ఒక్కటే అసలు సమస్య అయితే జిప్సమ్ గోడ ఆలోచించవచ్చు. ఇటుక గోడకి అంగుళం దూరంలో 50 మి.మీ. జీఐ స్టడ్స్ (జింకు పూత ఉన్న ఇనుప నిలువు పట్టీలు), మధ్యలో రాక్‌వూల్, పైన 12.5 మి.మీ. జిప్సమ్ బోర్డు రెండు పొరలు. గదిలో నాలుగు అంగుళాలు పోతుంది. 10 అడుగుల గోడకి 6×4 బోర్డులు పొరకి నాలుగు, రెండు పొరలకి ఎనిమిది, కోతలకి ఒకటి అదనం. మొదటి పొర అతుకు మీదికి రెండో పొర అతుకు రాకూడదు. చుట్టూ 6 మి.మీ. వదిలి సీలెంట్ నింపాలి.

దీన్ని చెడగొట్టేది ఎప్పుడూ ఒక్కటే: గోడ ఊగుతోందని పనివాళ్లు మధ్యలో క్లిప్పు పెట్టి స్టడ్‌ని ఇటుకకి స్క్రూ చేస్తారు. రెండు గోడల మధ్య ఆ ఇనుప వంతెన పడిన క్షణం రెండో గోడకి పెట్టిన డబ్బులో చాలా భాగం పోయినట్టే. స్టడ్స్ నేలకి, పైకప్పుకి మాత్రమే బిగించాలి, రెండు చోట్లా కింద రబ్బరు పట్టీ వేసి. పని జరిగేటప్పుడు దగ్గరే నిలబడండి. బోర్డు మూసేశాక లోపల ఏముందో కనపడదు.

తలుపు, కిటికీ పూర్తి కాకుండా ఈ గోడ కట్టకండి. స్లాబు ద్వారా, స్తంభాల ద్వారా పోయే శబ్దాన్ని ఇది ఆపదు. గది నాలుగు వైపులా, పైనా ఇలా కట్టాలంటే ఆ బరువుకి స్ట్రక్చరల్ ఇంజనీరు మాట తప్పనిసరి.

మృదంగం, డ్రమ్స్

మృదంగం తొప్పి (కింది స్వరం పలికే ముఖం) వైపు గుమ్ము, ఎలక్ట్రానిక్ డ్రమ్ పెడల్ దెబ్బ నేల ద్వారా కిందింటికి దిగుతాయి. గోడలకి ఎంత చేసినా వాటికి పట్టదు. తేలే పీఠం కావాలి. 4×4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెండు, మధ్య 16 టెన్నిస్ బంతులు. కింది పలకలో 50 మి.మీ. రంధ్రాలు కోస్తే బంతులు కూర్చుంటాయి. బరువు ఎక్కితే బంతులు పూర్తిగా చదునైపోకూడదు, అయితే సంఖ్య పెంచండి. పీఠం గోడకి తగలకూడదు. ఎలక్ట్రానిక్ కిట్‌కి ఇది చక్కగా పనికొస్తుంది. అసలు డ్రమ్ సెట్టుకి ఈ బడ్జెట్‌లో, అపార్ట్‌మెంట్‌లో దారి లేదు. ఉందని చెప్పే కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇవ్వొద్దు.

గాలి

అన్ని సందులూ మూశాక గదిలో గాలి మారదు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. ఇద్దరు మనుషులు గంటసేపు కూర్చుంటే ఇంత గదిలో కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) పైనే పెరుగుతుంది. తలనొప్పి, నిద్రమత్తు, శ్రుతి తప్పడం అక్కడి నుంచే. రెండు 18 మి.మీ. ప్లైవుడ్ పెట్టెలు చేయించండి, ఒకటి గాలి రావడానికి, ఒకటి పోవడానికి. లోపల గాలి రెండు మలుపులు తిరిగేలా అడ్డపలకలు, లోగోడలకి అంగుళం నార, దాని మీద గుడ్డ. నాలుగు అంగుళాల డక్ట్, ఫ్యాను బయటి చివర, తక్కువ వేగంలో. ఈ పని వాయిదా వేసినవాళ్లు చివరికి పాట మధ్యలో తలుపు తెరుస్తారు, తలుపుకి పెట్టిన డబ్బు వృథా.

ఖర్చు, ఫలితం

వడ్రంగి కూలితో కలిపి హైదరాబాద్ ధరల్లో సుమారుగా: తలుపు రబ్బరు, గ్రానైట్ గడప, సీలెంట్ 4 వేలు, తలుపు బరువు, హింజెస్ 6 వేలు, కిటికీ మూత 7 వేలు, పది రాక్‌వూల్ ప్యానెళ్లు 14 వేలు, గాలి పెట్టెలు 7 వేలు. మొత్తం 38 వేలు. జిప్సమ్ గోడ కావాలంటే దీని మీద ఇంకో 16 నుంచి 20 వేలు. చేతిలో 10 వేలే ఉంటే తలుపు పని రెండూ చేసి ఆగండి. పాతికవేలుంటే కిటికీ మూత కలిపి, మిగిలిన దానితో అయిదు ప్యానెళ్లు చేసుకోండి. అద్దె ఇంటివాళ్లకి గోడ తప్ప మిగతావన్నీ విప్పి వెంట తీసుకెళ్లగలిగేవే, గ్రానైట్ పట్టీ ఒక్కటి వదిలేయాలి.

పని మొదలుపెట్టే ముందే కొలవండి, లేకపోతే తర్వాత తేడా తెలియదు. గదిలో స్పీకర్లలో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన పరీక్ష హోరు) పెట్టి, తలుపు మూసి, లోపల మీటరు దూరంలో ఒకసారి, హాల్లో తలుపుకి మీటరు దూరంలో ఒకసారి, పక్క గది గోడ దగ్గర ఒకసారి. ఫోన్ యాప్ అంకె కచ్చితంగా లేకపోయినా ఫర్వాలేదు, ఒకే ఫోన్, ఒకే చోటు అయితే రెండింటి తేడా నమ్మవచ్చు. ఫోన్ మైకు కింది స్వరాలని సరిగా పట్టదు కాబట్టి బేస్ విషయం పక్క గదిలో కూర్చుని చెవితోనే తేల్చుకోవాలి. మామూలు తలుపు, కిటికీతో తేడా 20 దాటితే గొప్ప. పైన చెప్పిన పనులు సరిగా జరిగితే 32 నుంచి 35 దగ్గరికి రావాలి. 10 డెసిబెల్ తగ్గడమంటే చెవికి సగం అయినట్టు. లోపల 85 డెసిబెల్‌తో పాడితే హాల్లో 50 దగ్గర ఉంటుంది, మాట్లాడుకునే గొంతు కంటే తక్కువ. నివాస ప్రాంతాలకి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్ హద్దు పెట్టాయి. పక్కింటి గోడ దగ్గర కొలిచిన అంకె ఆ 45 పైన ఉంటే రాత్రి పది తర్వాత స్పీకర్లు ఆపి హెడ్‌ఫోన్ పెట్టుకోండి.